లామినేట్ ఫ్లోరింగ్ సొంతంగా వేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వీడియోల్లో చూస్తే లామినేట్ వేయడం పిల్లల ఆటలా ఉంటుంది. పలక పక్కన పలక పెడతారు, వంచి నొక్కుతారు, టక్కున పడిపోతుంది. అందులో అబద్ధం లేదు, పలకలు తగిలించే పని నిజంగానే తేలిక. కానీ నేను చూసిన పాడైపోయిన ఫ్లోర్లలో పలకల దగ్గర చెడినవి చాలా తక్కువ. కింద నేల దగ్గరో, గోడ అంచు దగ్గరో చెడ్డవే ఎక్కువ. మా ఇంట్లో మూడు గదులు నేనే వేసుకున్నాను. మొదటి గది చెడగొట్టి, మళ్ళీ బాగుచేసుకున్నాను కూడా. కాబట్టి ఇక్కడి జవాబుల్లో నేల గురించి, అంచుల గురించి మాటలు ఎక్కువగానే ఉంటాయి.

లామినేట్ అంటే చెక్కేనా?

సగం చెక్క. నడుమ ఉండేది చెక్క పీచును జిగురుతో కలిపి గట్టిగా అదిమి చేసిన హెచ్‌డీఎఫ్ బోర్డు. దాని మీద చెక్క గీతల బొమ్మ అచ్చేసిన కాగితం, ఆ పైన మెలమిన్ పూత. ఆ పూతలో అరుగుదలను ఆపడానికి అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు కలుపుతారు. పలక వంకర తిరగకుండా అడుగున ఇంకో పొర. అంటే పైన కనిపించే టేకు గీతలు ఫొటో అన్నమాట. అందుకే దీన్ని గీకి మళ్ళీ పాలిష్ పెట్టడం కుదరదు. పై పొర పోతే ఆ పలక పోయినట్టే.

1977లో స్వీడన్‌లోని పెర్‌స్టార్ప్ కంపెనీ దీన్ని కనిపెట్టింది. మొదట్లో పలకలను జిగురు పెట్టి అతికేవారు. జిగురు లేకుండా ఒకదాంట్లో ఒకటి లాక్ అయ్యే పలకలు 1990ల రెండో సగంలో వచ్చాయి. మనలాంటి వాళ్ళం సొంతంగా వేసుకోగలుగుతున్నామంటే ఆ లాక్ వల్లే.

నాకు వడ్రంగం పని రాదు. నా వల్ల అవుతుందా?

టేపుతో సరిగ్గా కొలవడం, రంపంతో తిన్నగా కోయడం, గంటల తరబడి మోకాళ్ళ మీద ఉండగలగడం, ఈ మూడూ వస్తే చాలు. 12-14 చదరపు మీటర్ల మామూలు గది ఒకటి మొదటిసారి వేసేవాళ్ళకు ఒక రోజంతా పడుతుంది. అది కూడా నేల ముందే సిద్ధంగా ఉంటే. నలుచదరంగా ఉండే పడకగదితో మొదలుపెట్టండి. మూలలూ స్తంభాలూ మలుపులూ ఉన్న హాలు జోలికి మొదటే వెళ్ళొద్దు. మెట్లయితే అసలే వద్దు. అక్కడ పలకలను జిగురుతో అతకాలి, అంచుకు ప్రత్యేకమైన పట్టీ బిగించాలి. అది కొంచెం కదిలినా మనిషి జారిపడతాడు.

ఎంత మందం కొనాలి? ఏసీ3, ఏసీ4 అంటే ఏమిటి?

మార్కెట్లో 6 నుంచి 12 మి.మీ. దాకా దొరుకుతాయి. ఇంటికి 8 మి.మీ. సరిపోతుంది. మందం పెరిగితే అడుగుల చప్పుడు కాస్త గట్టిగా, నిండుగా వినిపిస్తుంది, లాక్ కూడా కొంచెం బలంగా ఉంటుంది. కానీ వంకర నేలను ఏ మందమూ దాచలేదు.

ఏసీ అంకె పై పూత ఎంత అరుగుదలను తట్టుకుంటుందో చెబుతుంది. పడకగదికి ఏసీ3 చాలు. జనం ఎక్కువగా తిరిగే హాలుకు ఏసీ4 తీసుకుంటే నిశ్చింత. ఆ అంకె పెద్దదైనంత మాత్రాన నీళ్ళను కూడా ఎక్కువ తట్టుకుంటుందని అనుకోవద్దు. నీళ్ళ సంగతి పెట్టె మీద విడిగా రాసి ఉంటుంది.

అదే పెట్టె మీద, బోర్డు జిగురులోంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు గురించి ఈ1 అనో, అంతకంటే తక్కువ విడుదల చేసే రకమనో రాసి ఉందా చూడండి. ఏమీ రాసి లేని సరుకు ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకపోవడమే మంచిది.

ఎన్ని ప్యాకెట్లు తెచ్చుకోవాలి?

గది పొడవును వెడల్పుతో గుణించి, దాని మీద 10 శాతం కలపండి. 4 మీటర్ల పొడవు, 3.5 మీటర్ల వెడల్పు ఉన్న గది 14 చదరపు మీటర్లు, 10 శాతం కలిపితే 15.4. ప్యాకెట్‌లో 2 చదరపు మీటర్ల సరుకు ఉంటే 7.7 అవుతుంది, అంటే 8 ప్యాకెట్లు. ఐమూలగా వేయాలనుకుంటే 15 శాతం కలుపుకోండి.

అన్నీ ఒకే బ్యాచ్ నంబరువి తీసుకోండి. అదే రంగు పేరుతో వచ్చినా బ్యాచ్ మారితే ఛాయ మారుతుంది. పరిచాక కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బరువు సంగతి కూడా గుర్తుంచుకోండి. 8 మి.మీ. పలక చదరపు మీటరుకు దాదాపు 7 కిలోలు తూగుతుంది. పైన చెప్పిన గదికి నూరు కిలోలకు పైనే మోయాల్సి వస్తుంది. మేడ మీదికయితే తోడు ఒకరిని పెట్టుకోండి.

తెచ్చిన రోజే మొదలుపెట్టొచ్చా?

వద్దు. ప్యాకెట్లు విప్పకుండా, వేయబోయే గదిలోనే, నేల మీద చదునుగా పడుకోబెట్టి 48 గంటలు వదిలేయండి. గోడకు ఆనించి నిలబెడితే పలకలు వంగుతాయి. గోదాములో ఉన్న గాలిలోని తేమ వేరు, మీ గదిలోది వేరు. ఆ తేడాకు తగ్గట్టు పలక కొద్దిగా పెరగడమో తగ్గడమో జరుగుతుంది. అదేదో నేల మీద బిగించకముందే జరిగిపోనివ్వండి.

ఏ పనిముట్లు కావాలి?

టేపు, పెన్సిలు, మూలమట్టం, సన్న పళ్ళ రంపం లేదా జిగ్‌సా, సుత్తి, ట్యాపింగ్ బ్లాక్ (సుత్తి దెబ్బ పలకకు నేరుగా తగలకుండా మధ్యలో పెట్టే దిమ్మ), పుల్ బార్ (పలకను దగ్గరికి లాగే, కొస వంపు తిరిగిన ఇనుప బద్ద), గోడ దగ్గర సందు కోసం పెట్టే స్పేసర్లు. చివరి మూడూ కలిపి ఒక కిట్‌గా అమ్ముతారు. స్పేసర్లు లేకపోతే పలక ముక్కలనే చిన్నగా కోసి పెట్టుకోవచ్చు. పుల్ బార్ విషయంలో మాత్రం రాజీ పడకండి. చివరి వరుసను దగ్గరికి లాగడానికి అది లేకుండా నేను స్క్రూడ్రైవర్‌తో కుస్తీ పట్టాను. గోడ సున్నమూ పోయింది, పలక అంచూ పోయింది.

మోకాళ్ళకు మెత్తలు, కోసేటప్పుడు ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు. హెచ్‌డీఎఫ్ పొడి పిండి కంటే సన్నగా లేచి గదంతా ఆవరిస్తుంది.

పాత టైల్స్ పీకేయాలా?

అక్కర్లేదు. టైల్స్ గట్టిగా పట్టుకుని ఉంటే వాటి మీదే వేయొచ్చు. ముందు ఒక్కో టైలునూ వేళ్ళతో తట్టి చూడండి. డొల్లగా మోగిందంటే కింద పట్టు వదిలిందని అర్థం. కదిలే టైల్స్ తీసేసి ఆ గుంటను సిమెంటుతో పూడ్చండి. టైల్స్ మధ్య గాట్లు మామూలువి అయితే వాటిని అండర్‌లే, అంటే పలకల కింద పరిచే పలచని మెత్తని పొర, కప్పేస్తుంది. గట్టిగా అతుక్కుని ఉన్న పలచని వినైల్ మీద కూడా వేయొచ్చు.

కార్పెట్ మీద మాత్రం వేయకూడదు. అడుగు వేసినప్పుడల్లా కింద మెత్తగా దిగి లాకులు విరిగిపోతాయి. కింద చెక్క నేల ఉంటే ఊగే చెక్కలను ముందు స్క్రూలతో బిగించి, లామినేట్‌ను వాటికి అడ్డంగా పరవాలి.

మర్చిపోయే విషయం ఇంకొకటుంది, తలుపు. 8 మి.మీ. పలక, 2 లేక 3 మి.మీ. అండర్‌లే కలిస్తే నేల సెంటీమీటరు పైగా లేస్తుంది. అన్నీ పరిచాక తలుపు తెరుచుకోదు. పలక ముక్క, అండర్‌లే ముక్క ఒకదాని మీద ఒకటి పెట్టి తలుపు కింద దూరుతుందో లేదో ముందే చూసుకోండి. దూరకపోతే తలుపు అడుగు కోయించాల్సిందే.

నేల ఎంత మట్టంగా ఉండాలి?

2 మీటర్ల పొడవులో 3 మి.మీ. కంటే ఎక్కువ ఎత్తుపల్లాలు ఉండకూడదు. చాలా కంపెనీలు ఇచ్చే కొలత ఇదే. ఇక్కడ మట్టం అంటే చదును, నేల మొత్తం ఒక పక్కకు కొద్దిగా వాలి ఉన్నా ఇబ్బంది లేదు. గుంటలూ బొడిపెలే శత్రువులు.

చూడటం తేలిక. తిన్నని రెండు మీటర్ల అల్యూమినియం బద్దను నేల మీద నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టండి. చీకటి పడ్డాక గదిలో లైటు ఆపి, బద్ద వెనక టార్చి వెలిగిస్తే గుంట ఉన్న చోట వెలుతురు సందులోంచి బయటికి వస్తుంది. అక్కడ సుద్దతో గుండ్రం చుట్టండి. ఇలా గదంతా తిరిగేసరికి నేల మీద ఒక పటం తయారవుతుంది. ఎక్కడ అరగదీయాలో, ఎక్కడ నింపాలో అదే చెబుతుంది. బొడిపెలను రాతి చక్రం పెట్టి అరగదీయండి, గుంటలను సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండ్‌తో (పోస్తే తనంతట తానే చదునుగా పరుచుకునే మిశ్రమం) నింపండి. అది ఆరడానికి సంచి మీద ఎంత సమయం రాస్తే అంత ఆగండి.

గుంటలో అట్టముక్కలు, పాత పేపర్లు, రెండు మడతల అండర్‌లే పెట్టి సరిపెట్టేవాళ్ళను చూశాను. మొదట్లో బాగానే ఉంటుంది. నడిచేకొద్దీ అట్ట అణిగిపోతుంది, ఆ మీద అతుకు అడుగడుగునా పైకీ కిందికీ ఊగుతుంది, చివరికి నాలుక (పక్క పలక గాడిలోకి దూరే అంచు) విరుగుతుంది. అప్పుడు ఆ ఒక్క చోటు బాగుచేయాలంటే గోడ దాకా పలకలు విప్పాలి.

సిమెంటు నేలలో చెమ్మ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న ప్లాస్టిక్ షీటును నేల మీద పరిచి, నాలుగు అంచులా టేపు అతికించి రెండు మూడు రోజులు వదిలేయండి. తీసినప్పుడు షీటు అడుగున నీటి బొట్లు కనిపించినా, కింద నేల రంగు ముదిరినా చెమ్మ ఉన్నట్టే. ఏమీ కనిపించనంత మాత్రాన పూర్తిగా ఆరిందని రాసిచ్చినట్టు కాదు, ఇది ముతక పరీక్ష. కొత్తగా పోసిన నేలయితే తేమ కొలిచే మీటరుతో చూపించుకోవడం మేలు. సిమెంటు 28 రోజుల్లో గట్టిపడుతుంది, కానీ గట్టిపడటం వేరు, ఆరడం వేరు. లోపలి నీరు బయటికి పోవడానికి నెలలు పడుతుంది.

ఆరిన సిమెంటు నేల అయినా సరే 0.2 మి.మీ. పాలిథిన్ షీటు పరిచి తీరాలి. షీటు మీద షీటు 20 సెం.మీ. ఎక్కేలా వేసి టేపు అతికించండి, గోడల వెంట కొంచెం పైకి మడవండి. స్కర్టింగ్ (గోడ అడుగున బిగించే పట్టీ) పెట్టేముందు మిగిలింది బ్లేడుతో కోసేయొచ్చు. కొన్ని అండర్‌లేలకు ఈ షీటు ముందే అతికి ఉంటుంది, వాటికి మళ్ళీ విడిగా వేయక్కర్లేదు. గోడ అడుగున పెచ్చులూడుతూ చెమ్మ ఎక్కుతున్న గది అయితే ముందు ఆ గోడ సంగతి చూడండి. షీటు దాన్ని ఆపదు.

అండర్‌లే ఎంత మందంగా ఉంటే అంత మంచిదా?

కాదు. మెత్తగా ఉంటే కాలికి హాయి అనిపిస్తుంది కానీ లాకుకు అది చేటు. 2 నుంచి 3 మి.మీ. చాలు. షీట్లను పక్కపక్కన ఆనించి పరవాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కించకూడదు. పలకకే అడుగున ఫోమ్ అతికించి వచ్చిన రకమైతే ఇంకో పొర వేయొద్దు.

గోడ దగ్గర సందు వదలమంటారు. అది అంత ముఖ్యమా?

పనంతటిలోనూ ముఖ్యమైంది ఇదే. ఈ ఫ్లోర్‌కు కింద నేలతో ఏ అతుకూ లేదు. గదంతా పరుచుకున్న ఒకే పెద్ద రేకులా ఊరికే పడి ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే రేకు మొత్తం సాగుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. మీటరుకు సుమారు 1 మి.మీ. అని లెక్క వేసుకుంటారు. 5 మీటర్ల గదిలో అది 5 మి.మీ. పెరిగిందనుకోండి. పక్కకు పోవడానికి జాగా ఉంటే మనకు తెలియకుండానే పోతుంది. జాగా లేకపోతే ఉన్న ఒకే దారి పైకి.

నాకు జరిగింది అదే. మొదటి గదిలో నాలుగు గోడల దగ్గరా స్పేసర్లు పెట్టి ముచ్చటగా 10 మి.మీ. సందు వదిలాను. తలుపు చౌకట్టు వెనక మాత్రం పలకను గట్టిగా ఆనించి కొట్టేశాను, సందు కనిపించకుండా అందంగా ఉంటుందని. వేసింది ఎండాకాలం. వానలు మొదలైన రెండు వారాలకు గది మధ్యలో రెండు వరుసలు కలిసే చోట చిన్న గట్టు లేచింది. కాలు వేస్తే అణిగేది, తీస్తే లేచేది. నీళ్ళేమైనా దిగాయా అని గదంతా వెతికాను. చివరికి స్కర్టింగ్ ఊడదీసి ఒక్కో అంచూ చూసుకుంటూ వస్తే, చౌకట్టు దగ్గర పలక రాయిలా బిగుసుకుని ఉంది. అక్కడ మల్టీటూల్ బ్లేడుతో 8 మి.మీ. మేర కోసి తీశాను. మర్నాటికి గట్టు సగం దిగింది, వారానికి పూర్తిగా పోయింది. అతుకు దగ్గర సన్నని తెల్ల గీత మాత్రం ఉండిపోయింది.

కాబట్టి గోడలు, స్తంభాలు, చౌకట్లు, పైపులు, గడప రాయి, పలకకు ఏది ఎదురైనా సరే 8 నుంచి 10 మి.మీ. వదలండి. పెద్ద గదులకు ఇంకొంచెం ఎక్కువ. ఆ సందులో సిమెంటు గానీ పుట్టీ గానీ కూరకండి. దాన్ని స్కర్టింగ్ కప్పుతుంది. స్కర్టింగ్‌ను గోడకే బిగించాలి, మేకు గానీ జిగురు గానీ ఫ్లోర్‌లోకి దిగకూడదు.

పలకలు ఏ వైపుగా పరవాలి?

కిటికీలోంచి వచ్చే వెలుతురు వెంట పొడవుగా పరిస్తే అతుకుల నీడలు తక్కువగా కనిపిస్తాయి. ఇరుకైన నడవాలో నడిచే దిశగా పరిస్తే బాగుంటుంది. ఇది కంటి సంగతి, బలంతో పని లేదు. కింద చెక్క నేల ఉంటే మాత్రం ముందు చెప్పినట్టు అడ్డంగానే.

మొదటి వరుసకు ముందు లెక్క వేయాలంటారు, ఏమిటా లెక్క?

చివరి వరుస మరీ సన్నగా రాకుండా చూసుకోవడం. గది వెడల్పు 2940 మి.మీ., పలక వెడల్పు 193 మి.మీ. అనుకుందాం. రెండు వైపులా సందులకు 20 తీసేస్తే 2920. అందులో 15 నిండు వరుసలు పడతాయి, 25 మి.మీ. మిగులుతుంది. ఆ రెండున్నర సెంటీమీటర్ల పుల్లను కోయడమూ కష్టమే, లాక్ చేయడమూ కష్టమే. అందుకని ఆ 25కు ఒక నిండు పలక 193 కలిపి, వచ్చిన 218ని సగం చేయండి. మొదటి వరుసను 109కి కోసి వేసి, మధ్యలో 14 నిండు వరుసలు పరిస్తే చివరి వరుస కూడా 109 వస్తుంది. చివరి వరుస 5 సెం.మీ. కంటే తగ్గకుండా ఉంటే చాలు, సరిగ్గా సమానంగా రావాలని పట్టుబట్టకండి.

మొదటి వరుసలో గోడ వైపుండే నాలుకను కోసేయాలి. గోడ వంకరగా ఉంటే (ఏ ఇంట్లో తిన్నగా ఉంది కనుక!) దాని వంకరను పలక మీదికి దింపుకోవాలి. మొదటి వరుసను గోడకు దగ్గరగా తిన్నగా పెట్టి, చిన్న చెక్కముక్కకు పెన్సిలు ఆనించి, ఆ ముక్కను గోడ వెంట జరుపుతూ పోతే గోడ ఎలా వంగితే గీత అలా పడుతుంది. ఆ గీత వెంట కోయండి. ఈ ఒక్క వరుస తిన్నగా కూర్చుంటే మిగతావి దాని వెనకే వస్తాయి. ఇది వంకరైతే పదో వరుస దగ్గర అతుకులు నోరు తెరుస్తాయి.

పలక సరిగ్గా లాక్ అయిందని ఎలా తెలుస్తుంది?

చెవికి తెలుస్తుంది, వేలికి తెలుస్తుంది. పలకను 20-30 డిగ్రీలు పైకి ఎత్తి నాలుకను గాడిలో పెట్టండి. కొద్దిగా పైకీ కిందికీ ఆడిస్తూ ముందుకు నెట్టి దింపండి. సరిగ్గా కూర్చుంటే అతుకు మీద గోరు అడ్డంగా గీసినా ఎక్కడా తట్టుకోదు. కూర్చోకపోతే వెంట్రుకంత నల్ల గీత కనిపిస్తుంది. అప్పుడు ట్యాపింగ్ బ్లాక్ ఆనించి చిన్నగా కొట్టండి. అతుకు ఇంకా తెరిచి ఉన్నంతసేపు దెబ్బ బోలుగా వినిపిస్తుంది, మూసుకోగానే గట్టిగా, పొట్టిగా మారుతుంది. రెండు మూడు దెబ్బలకు రాకపోతే బలం పెంచకండి, పలక తీసి గాడిలోకి చూడండి. నూటికి తొంభైసార్లు అక్కడ నువ్వుగింజంత రంపప్పొట్టు ఉంటుంది. బ్రష్‌తో దులిపి మళ్ళీ పెడితే చేత్తోనే పడిపోతుంది.

సుత్తితో నేరుగా పలక అంచు మీద ఎప్పుడూ కొట్టొద్దు. పొట్టి అంచులు కొన్ని రకాల్లో పైనుంచి నొక్కితే పడతాయి, వాటిని పక్కనుంచి కొడితే లాక్ విరుగుతుంది. మీ పలక ఏ రకమో పెట్టెలోని కాగితంలో బొమ్మ వేసి ఉంటుంది, అది చూడండి. చూడకుండా మొదలుపెట్టి మూడు పలకలు పారేసిన అనుభవంతో చెబుతున్నాను.

పొట్టి అతుకులు ఎంత ఎడంగా ఉండాలి?

పక్క వరుసలోని అతుకుకు కనీసం 30 సెం.మీ. దూరం. వరుస చివర కోసిన ముక్క 30 సెం.మీ. కంటే పొడవుంటే తర్వాతి వరుస దానితోనే మొదలుపెట్టండి, వృథా తగ్గుతుంది, అతుకులు వాటంతటవే చెదిరిపోతాయి. మూడు నాలుగు ప్యాకెట్లు ఒకేసారి విప్పి కలగలిపి వేస్తే ఒకే చెక్క ముడి బొమ్మ పక్కపక్కనే రాదు. వేసే ముందు ప్రతి పలక అంచునూ చూసుకోండి. విరిగినవి పక్కన పెట్టి కోత ముక్కలకు వాడుకోవచ్చు.

కోస్తే అంచు పెచ్చులూడుతోంది, ఏం చేయాలి?

రంపం పళ్ళు ఏ వైపు నుంచి బయటికి వస్తాయో ఆ వైపు పెచ్చులూడతాయి. చేతి రంపంతో కోస్తే పలక బొమ్మ వైపు పైకి ఉండాలి. మామూలు జిగ్‌సా బ్లేడు కింది నుంచి పైకి కోస్తుంది, కాబట్టి బొమ్మ వైపు కిందికి. చేత్తో పట్టుకునే సర్క్యులర్ రంపానికీ అంతే. గీత మీద మాస్కింగ్ టేపు అతికిస్తే ఇంకా నయం. ఎలాగూ చాలా కోతలు స్కర్టింగ్ కిందికి పోతాయి, అవి కాస్త పెచ్చులూడినా బెంగ అక్కర్లేదు. పై పూతలోని అల్యూమినియం ఆక్సైడ్ బ్లేడును త్వరగా మొద్దుబారుస్తుంది, ఒకటి రెండు అదనంగా ఉంచుకోండి.

గుమ్మం దగ్గర, పైపుల దగ్గర ఎలా?

చెక్క చౌకట్టయితే చౌకట్టునే కోయాలి, పలకను కాదు. అండర్‌లే ముక్క మీద పలక ముక్కను తిరగేసి చౌకట్టు పక్కన పెట్టండి. దాని మీద రంపాన్ని పడుకోబెట్టి కోస్తే సరిగ్గా పలక దూరేంత జాగా వస్తుంది. పలక అంచు చౌకట్టు కిందికి పోతుంది, లోపల సందు కూడా ఉంటుంది. నేను చేసిన తప్పు మీరు చేయరు. ఇనుప చౌకట్టో రాతి చౌకట్టో అయితే పలకను దాని ఆకారానికి కోసి, సందు వదిలి, సాగే సీలెంట్‌తో నింపండి.

పైపు దగ్గర రంధ్రం పైపు కంటే 20 మి.మీ. పెద్దదిగా చేయాలి, అంటే చుట్టూ 10 మి.మీ. రంధ్రం మధ్యగా పలకను రెండు ముక్కలు చేసి, పైపుకు అటూ ఇటూ పెట్టి, వెనక ముక్కను జిగురుతో అతకండి. పైన కప్పే రింగులు దొరుకుతాయి.

చివరి వరుస వంచడానికి జాగా లేదు, ఎలా పెట్టాలి?

మామూలుగా పుల్ బార్ గోడ వైపు అంచుకు తగిలించి సుత్తితో కొడితే దగ్గరికి వస్తుంది. రేడియేటరో చౌకట్టో అడ్డం వచ్చి పలకను ఎత్తడానికే కుదరని చోట, గాడి కింది పెదవి మీద లేచి ఉండే లాక్ అంచును ఉలితో చెక్కేయండి. అప్పుడు పలక వంచకుండానే అడ్డంగా జారుతుంది. లాక్ లేదు కాబట్టి అతుకులో కాస్త తెల్ల వడ్రంగి జిగురు రాసి, పుల్ బార్‌తో లాగి, ఆరేదాకా గోడకూ పలకకూ మధ్య చెక్క చీలికలు బిగించి ఉంచండి. తర్వాత చీలికలూ స్పేసర్లూ అన్నీ తీసేయాలి. లోపల ఒక్క స్పేసర్ మర్చిపోయినా అక్కడ సందు లేనట్టే.

రెండు గదులను కలిపి ఒకేలా వేయొచ్చా?

చూడ్డానికి బాగుంటుంది. కానీ గుమ్మం దగ్గర ఇరుకైన మెడ ఏర్పడి, రెండు పెద్ద రేకులు చెరో వైపు లాగితే ఒత్తిడంతా ఆ మెడ మీదే పడుతుంది. గుమ్మంలో పలకలను విడగొట్టి, మధ్య సందు మీద టీ ప్రొఫైల్ పట్టీ (ఇంగ్లీషు T అక్షరం ఆకారంలో ఉండేది) పెట్టండి. ఒకే గది అయినా 8-10 మీటర్లు దాటితే ఇదే పద్ధతి. కచ్చితమైన కొలత మీ పెట్టెలోని కాగితంలో ఉంటుంది.

వంటగదిలో, బాత్రూంలో వేయొచ్చా?

బాత్రూంలో వద్దు. వంటగదిలో నీళ్ళకు తట్టుకునే రకం తీసుకుని, సింకు వైపు అంచు సందులో సిలికాన్ నింపితే పర్వాలేదు. ఒలికిన నీళ్ళు వెంటనే తుడిచే అలవాటు మాత్రం ఉండాలి. అతుకుల్లోకి నీరు దిగితే హెచ్‌డీఎఫ్ అంచులు ఉబ్బుతాయి, ఆరాక కూడా పూర్తిగా దిగవు.

దాని మీద బరువైన బీరువా పెట్టొచ్చా?

పెట్టొచ్చు. కదిలించగలిగే సామాను దేనికీ అడ్డు లేదు, కాళ్ళ కింద ఫెల్ట్ ముక్కలు అతికించండి. నేలకూ గోడకూ బిగించేసే కిచెన్ క్యాబినెట్లను మాత్రం లామినేట్ మీద పెట్టకూడదు. ముందు క్యాబినెట్లు నేల మీద బిగించి, వాటి దాకా ఫ్లోర్ వేసుకురావాలి. తలుపును ఆపే స్టాపర్‌ను కూడా ఫ్లోర్‌లోకి స్క్రూ చేయొద్దు, గోడకు పెట్టండి. నేలకు బిగిసిన ఆ చోటు రేకును కదలనివ్వదు.

నడుస్తుంటే డొల్లగా, కిర్రుమంటూ చప్పుడు వస్తోంది.

కాస్త డొల్ల చప్పుడు ఈ ఫ్లోర్‌కు సహజం, కింద అతుకు లేదు కదా. ఒక్కచోటే కిర్రుమంటూ దిగుతుంటే కింద గుంట ఉంది. గదంతా కిర్రుమంటే ముందు అంచుల సందు చూడండి, ఎక్కడో గోడను తాకుతోంది. దీనికి పైనుంచి పౌడరు చల్లడం లాంటి చిట్కాలు చెబుతుంటారు, కారణం అలాగే ఉంటుంది.

పలకల మధ్య సందులు వచ్చాయి, ఎందుకు?

గాలి బాగా పొడిబారిన రోజుల్లో సన్నగా వస్తే, తేమ తిరిగి పెరిగాక మూసుకోవచ్చు. వేసిన వారానికే పొట్టి అతుకులు విడిపోతే అవి మొదట్లోనే సరిగ్గా పడలేదు, లేదా ఫ్లోర్ ఎక్కడో బిగుసుకుపోయి ఒక వైపు మాత్రమే లాగుతోంది. గోడ పక్క వరుసల్లో అయితే స్కర్టింగ్ తీసి పుల్ బార్‌తో దగ్గరికి లాగేయొచ్చు.

ఎలా తుడవాలి?

పొడి మాప్, లేదా గట్టిగా పిండిన తడి గుడ్డ. నీళ్ళు పోసి కడగకూడదు, స్టీమ్ మాప్ వాడకూడదు, మైనపు పాలిష్ అక్కర్లేదు. గుమ్మం దగ్గర పట్టా వేస్తే ఇసుక లోపలికి రాదు. ఈ ఫ్లోర్ మీద గీతలు ఎక్కువగా పడేది ఇసుక వల్లే.

చెదలు పడతాయా?

పడతాయి, లోపల ఉన్నది చెక్క పీచే. ఇంట్లో ఎక్కడైనా చెద జాడ ఉంటే ముందు దానికి మందు కొట్టించి, ఆగిందని తేలాకే ఫ్లోర్ వేయండి. వేశాక పడితే పలకల అడుగున ఏం జరుగుతోందో మనకు కనిపించదు.

ఒక్క పలక పాడైతే మొత్తం తీయాలా?

గోడకు దగ్గరగా ఉంటే స్కర్టింగ్ తీసి, ఆ వైపు నుంచి వరుసలు విప్పుకుంటూ వచ్చి మార్చండి. విప్పిన పలకల వెనక వరుసగా నంబర్లు రాసుకుంటే తిరిగి పెట్టడం పావుగంట పని. గది నడుమ ఉంటే ఆ పలకను మధ్యలో కోసి తీసి, కొత్తదాని లాక్ పెదవులు చెక్కి, జిగురుతో అతకాలి. చేయొచ్చు కానీ చేయి తిరిగినవాళ్ళ పని.

ఏదైనా అదే బ్యాచ్ పలకలు చేతిలో ఉండాలి. మిగిలిన ప్యాకెట్‌ను మంచం కిందో అటక మీదో, పొడిగా ఉండే చోట పడుకోబెట్టి దాచండి. మా గదిలో ఆ తెల్ల గీత పడిన పలకను నేను అలా దాచినదానితోనే మార్చాను. బయట కొందామని వెళితే ఆ డిజైనే ఆగిపోయిందన్నారు.